రంగు వేయని వేషం

ఘాలా, మస్కట్
3 నవంబరు 2024

నా బంగారు తల్లి సెలిన్‌కు,

ప్రభువు కృప నీ మీద ఉండాలి. ఆయన కృప నా మీద ఎంత ఉందంటే, విమానం దిగాను గానీ మనసింకా దిగలేదు. ఫోన్‌లో నువ్వు మాట్లాడితే నా చెవి మిషన్‌లో కీచుమని మోత తప్ప ఏమీ వినిపించదు. అందుకని ఉత్తరమే రాస్తున్నాను. మీ తమ్ముడు కెవిన్‌కు పొద్దస్తమానం గోడౌన్‌లో డ్యూటీ. పక్క గదిలో బాబు మియా అని కడప మనిషి ఉన్నాడు, కంపెనీ బస్సు నడుపుతాడు. ఈ కాగితం ఫోటో తీసి నీకు పంపేది అతనే. నువ్వూ చేత్తోనే రాసి పంపు. నీ అక్షరం చూస్తే నీ గొంతు విన్నట్టే ఉంటుంది నాకు.

ఇక అసలు సంగతి. కెవిన్ కంపెనీ మేనేజరు ఓంకార్ గారు, ఆయన భార్య నవీన గారు ఇద్దరూ నటులే. స్నేహితులతో కలిసి నాటక సంఘం పెట్టారు. ఈ చలికాలమంతా ఎవరో ఒకరి విల్లాలో విందు చేస్తారు. వచ్చినవాళ్లకి భోజనం, కాస్త నాటకం, చివర పేద కళాకారుల సహాయానికి విరాళాలు. ఈ దేశంలో అనుమతి లేకుండా విరాళాలు అడగకూడదట. కాబట్టి బోర్డులూ కార్డులూ ఏమీ ఉండవు, గేటు మూసుకుని ఇంట్లో శుభకార్యంలా కానిచ్చేస్తారు. మా నాన్న రంగస్థల నటుడని కెవిన్ చెప్పగానే ఓంకార్ గారు తన డబ్బుతో నాకు టికెట్ తీశారు.

నాకిచ్చిన వేషం ఒక ముసలి నటుడిది. ఒకప్పుడు వెలిగి, ఇప్పుడు దిక్కులేకుండా పోయినవాడు. మొహానికి రంగు లేదు. గడ్డం గీయవద్దన్నారు, చిరిగిన దుప్పటి ఒకటి ఇచ్చారు. అతిథులు వచ్చేటప్పుడు గేటు పక్కన కూర్చోవాలి. తర్వాత నవీన గారు చేయి పట్టుకుని లోపలికి తీసుకెళ్తే, వణికే గొంతుతో ఒక పద్యం ఎత్తుకోవాలి. తెర ఏదిరా, వేదిక ఏదిరా అని కెవిన్‌ను అడిగాను. ఇప్పుడు నాటకాలు జనం మధ్యలోనే ఆడుతున్నారు నాన్నా అన్నాడు. వాడికి ఇంత తెలుసని నాకు తెలియదు.

అన్నిటికంటే పెద్ద మాట ఆపుకుని ఆపుకుని ఇప్పుడు చెబుతున్నాను. డిసెంబరులో హాలు తీసుకుని పూర్తి పద్యనాటకం వేస్తారు. రాజు వేషం నాది. నలభై ఏళ్లు మంత్రి వేషం కట్టి, ప్రతి రాజు వెనకాలా చేతులు కట్టుకుని నిలబడ్డాను సెలిన్. కిరీటం పెట్టే యోగం నీ తలకి లేదయ్యా అని మీ అమ్మ వేళాకోళం చేసేది. ఈ విందులు బాగా చేసిపెడితే ఆ యోగం పట్టినట్టే.

సంతోషం చేత్తో పట్టుకోలేకపోతున్న
మీ నాన్న వీరాస్వామి


రేపల్లె
9 నవంబరు 2024

నాన్నా,

నీ ఉత్తరం డ్యూటీలో ఇంజెక్షన్ల ట్రే పక్కన పెట్టుకుని చదివాను. నవ్వుతున్నానని పేషెంట్లు నన్నే చూశారు. బీపీ మాత్ర రాత్రి భోజనం తర్వాతే వేసుకో. ఖాళీ కడుపుతో వేసుకుంటే కళ్లు తిరుగుతాయని నీకు ఎన్నిసార్లు చెప్పాను? గడ్డం పెంచితే నువ్వు నటుడిలా ఉండవు, మన ఖాదర్‌వలి రిక్షా కింద పడుకున్నప్పుడు ఎలా ఉంటాడో అలా ఉంటావు.

నాకొక సందేహం. విరాళాలు పేద కళాకారుల కోసం అంటున్నారు. నిన్నేమో పేద కళాకారుడిగా గేటు దగ్గర కూర్చోబెడుతున్నారు. అది వేషమని వచ్చేవాళ్లకి ఎవరైనా చెబుతున్నారా? కెవిన్‌ని అడిగితే, నీకెందుకక్కా, నాన్న హ్యాపీగా ఉన్నాడు కదా అంటున్నాడు. వాడు సరిగ్గా జవాబు చెప్పలేదంటే నాకు భయం.

ఇక్కడ ఒక మంచి కబురు. క్రిస్మస్ నుంచి సండే స్కూలు మొత్తం నన్నే చూసుకోమన్నారు పాస్టరు గారు. నువ్వు నేర్పిన పాటలే పిల్లల చేత పాడిస్తున్నాను. అమ్మ పోయాక ఇంట్లో నువ్వు లేకుండా ఉండటం ఇదే మొదటిసారి. అన్నం కొలిచేటప్పుడు చెయ్యి ఇంకా ఇద్దరికే పోస్తోంది.

నీ మాత్రల సంగతే ఆలోచిస్తూ,
సెలిన్


ఘాలా
18 నవంబరు 2024

కళకు పుట్టిన నా కూతురు సెలిన్‌కు,

మొన్నటి విందు గురించి నీకు రాయకుండా ఉండలేకపోతున్నాను. సముద్రం కనిపించే విల్లా. మేకమాంసం పొగలు గేటు దాకా వస్తున్నాయి. మధ్యాహ్నం నుంచి నన్ను ఏమీ తినవద్దన్నారు. ఆకలి మొహంలో కనిపించాలట. మన ట్రూపులో ఏ మేనేజరూ నా నటన గురించి ఇంత శ్రద్ధ తీసుకోలేదు.

పద్యం సగంలో ఉండగా ఒక డాక్టరమ్మ వచ్చి నా ముందు మోకాళ్ల మీద కూర్చుంది. తాతగారూ, మీకు ఎవరూ లేరా అంది. అది రాసిచ్చిన మాట కాదు. నలభై ఏళ్ల అనుభవం నన్ను కాపాడింది. అప్పటికప్పుడు కల్పించాను. ఒక కూతురుంది తల్లీ, రేపల్లెలో నర్సు, పేరు సెలిన్, వానలో నన్ను బయటికి నెట్టి తలుపు వేసుకుంది అన్నాను. అని ఏడ్చాను. నువ్వు ఏమీ అనుకోకు. ఏదో ఒక పేరు కల్పిస్తే నాకు కన్నీళ్లు రావు. నీ పేరు నోట్లోకి వస్తే చాలు, కళ్లు వాటంతట అవే నిండుతాయి.

ఆ ఇల్లంతా ఏడ్చింది తల్లీ. డాక్టరమ్మ నా పాదాలకు దండం పెట్టింది. ఒకాయన ఫోన్‌తో మొత్తం వీడియో తీసుకున్నాడు. ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. చప్పట్లు కొట్టడమే మరిచిపోయారంటే చూడు. ఓంకార్ గారు పక్కకు పిలిచి, మాస్టారూ, ఆ కూతురి ముక్క ఇకనుంచి ప్రతి విందులోనూ ఉండాలి అన్నారు. అందరూ వెళ్లాక వంటింట్లో నాకు అన్నం పెట్టారు, చల్లగానే ఉన్నా రుచి బాగుంది. నీ మాట ప్రకారం మాత్ర ఆ తర్వాతే వేసుకున్నాను.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో బాబు మియా ఒక మాట అన్నాడు.

"తాతా, వాళ్లు దాన్ని నిజమనుకుంటాండారు."

"అనుకోవాలయ్యా. అనుకోకపోతే నేనెందుకు?" అన్నాను.

పాపం, అతనికి నాటకం గురించి తెలియదు.

నీ పేరుతో నాలుగు కన్నీటి బొట్లు సంపాదించిన
మీ నాన్న


రేపల్లె
27 నవంబరు 2024

నాన్నా,

ఆ వీడియో ఇక్కడికి వచ్చింది. మస్కట్‌లో పనిచేసే నర్సు ఎవరో రేపల్లెలో ఉన్న వాళ్ల అత్తగారికి పంపితే, ఆవిడ మన చర్చి గ్రూపులో పెట్టింది. నీ మొహం, నీ గొంతు, నా పేరు, నా ఊరు, నా ఉద్యోగం. అన్నీ స్పష్టంగా ఉన్నాయి. అందులో తెర లేదు నాన్నా. నాటకమని ఎక్కడా లేదు.

నిన్న వార్డులో ఒక ముసలావిడ నా చేత ఇంజెక్షన్ వేయించుకోనంది. "కన్నతండ్రిని గెంటిన చెయ్యి నా ఒంటిమీద పడొద్దు" అంది. పక్క మంచాలవాళ్లు ఆవిడనే సమర్థించారు. సంగతి తేలేదాకా సండే స్కూలుకి రావద్దని పాస్టరు గారు కబురు పంపారు. అది వేషమని నేను చెబుతుంటే, మరి ఆయన నీ పేరే ఎందుకు చెప్పాడమ్మా అంటున్నారు. ఏం చెప్పను? నా పేరు చెబితే మా నాన్నకు ఏడుపు బాగా వస్తుందని చెప్పనా?

వాళ్లకు తెలియదు నాన్నా. ఆ విందుకు వచ్చినవాళ్లలో ఒక్కరికి కూడా తెలియదు. వాళ్ల ముందు నువ్వు నటుడివి కాదు, ముష్టివాడివి. కెవిన్‌కు మొదటి నుంచీ తెలుసు. వాడినే అడుగు. వచ్చే విందులో అందరి ముందూ నిలబడి, నేను నటుణ్ణి, నా కూతురు నన్ను బాగా చూసుకుంటుంది అని ఒక్క మాట చెప్పు. ఇంకేమీ అడగను.

సెలిన్


ఘాలా
8 డిసెంబరు 2024

సెలిన్ తల్లీ,

నువ్వు చెప్పినట్టే చేశాను. మీ నాన్న మాట తప్పడు.

కెవిన్‌ను కూర్చోబెట్టి అడిగాను. తల వంచుకున్నాడు.

"వాళ్లకి తెలీదు నాన్నా. ముందే చెప్తే నువ్వు చేస్తావా? నిన్ను తీసుకొస్తే గోడౌన్ నుంచి ఆఫీసులోకి మారుస్తానన్నాడు సారు."

నాకు కోపం రాలేదు. నీకు మాత్రమే చెబుతున్నాను, లోపల నాకు సంతోషం వేసింది. ఇంతమంది చదువుకున్నవాళ్లు, నా ఎదురుగా కూర్చుని, రంగు కూడా వేయని నా వేషాన్ని కనిపెట్టలేకపోయారు. నాటక చరిత్రలో ఇది ఎవరికైనా జరిగిందా?

అయినా నీ పరువు ముఖ్యం. మన పద్ధతి నీకు తెలుసు కదా. ఆట అయ్యాక నటుడు తెర ముందుకొచ్చి, ఊరూ పేరూ చెప్పుకుని నమస్కారం పెడతాడు. అలాగే చేద్దామనుకున్నాను. దుప్పటి కింద నా జరీ పంచె కట్టుకుని వెళ్లాను. పద్యం అయింది, ఏడుపు అయింది. లేచి దుప్పటి తీసేశాను. ఇంతవరకు తమరు తిలకించిన వృద్ధుడి పాత్రధారి రేపల్లె వీరాస్వామి, నాకు బంగారం లాంటి కూతురుంది, ఆమె పెట్టే అన్నం తినే ఇంత గొంతుతో ఉన్నాను అని చెప్పి, చప్పట్ల కోసం తల వంచాను.

చప్పట్లు రాలేదు. డాక్టరమ్మ లేచి, "అంటే ఇన్నాళ్లూ మా ఏడుపు మీకు వినోదమా?" అంది. ఆ తర్వాత అందరూ ఒకేసారి మాట్లాడారు. చెవి మిషన్‌లో ఒకటే మోత. ఇచ్చిన విరాళాలు తిరిగివ్వకపోతే ఫిర్యాదు చేస్తామన్నారని కెవిన్ తర్వాత చెప్పాడు. ఓంకార్ గారు నన్ను వేలితో చూపించి, ఈ ముసలాయన మమ్మల్ని కూడా మోసం చేశాడు అన్నారు. నన్ను పెరటి తలుపు నుంచి పంపేశారు. పంచె మీద ఎవరో పులుసు పోశారు, చూసుకోక పోసి ఉంటారులే.

కెవిన్‌ను డ్యూటీకి రావద్దన్నారు. రాజు వేషం సంగతి ఎవరూ ఎత్తడం లేదు. నేనే ఒకసారి ఫోన్ చేయించాను, ఎత్తలేదు.

నీ కోసం పేరు చెప్పుకున్న
మీ నాన్న


రేపల్లె
12 డిసెంబరు 2024

నాన్నా, మా మంచి నాన్నా,

నీ ఉత్తరం ఆదివారం దాకా దాచుకోలేక నిన్న సాయంత్రం ప్రార్థన కూటంలోనే చదివాను. అందరి ముందూ నిలబడి, మొదటి అక్షరం నుంచి. జరీ పంచె దగ్గరకొచ్చేసరికి ఇక చదవలేక కాగితం పక్కకిచ్చాను. మిగిలింది పాస్టరు గారే చదివారు. చదివి, చర్చి తరఫున నన్ను క్షమించమన్నారు. సండే స్కూలు మళ్లీ నాదే. ఆ ముసలావిడ కోడలు ఇవాళ ఆసుపత్రికి వచ్చి, మా అత్తకు నువ్వే వెయ్యమ్మా అంది.

నీ మీద నాకు ఏమీ లేదు. నా పేరు పెట్టి ఏడ్చినందుకు కూడా లేదు. కెవిన్ ఉద్యోగం పోతే పోనీ, ఇద్దరూ వచ్చేయండి. పండక్కి పిల్లల నాటకంలో ముసలి రాజు ఒకడు ఉన్నాడు. ఆ వేషం ఎవరికీ ఇవ్వకుండా పెట్టాను. బంగారు కాగితం అతికించి కిరీటం నేనే చేస్తాను.

నీ కోసం చూస్తూ,
నీ సెలిన్


ఘాలా
22 డిసెంబరు 2024

నా అదృష్టానికి రూపం ఇచ్చిన సెలిన్‌కు,

శుభవార్త తల్లీ, ఒకటి కాదు. నీ ఉత్తరం చూసుకుని మురిసిపోతున్న రోజునే ఓంకార్ గారు స్వయంగా మా గదికి వచ్చారు. అంతటి మనిషి మా ఇనప మంచం మీద కూర్చుని నా చేతులు పట్టుకున్నారు.

"మాస్టారూ, మీరొక్కరే ఈ సంస్థను నిలబెట్టగలరు. ఆ రోజు మీరు అన్నదే అబద్ధమని వీడియోలో చెప్పండి. కూతురి పరువు కాపాడటానికి అలా అన్నానని, తండ్రి మనసు కదా అని. కెవిన్ రేపటి నుంచి ఆఫీసులో ఉంటాడు. రాజు వేషం మీదే."

ఆ మాటలో ఎంత కథ ఉందో చూడు. కూతురు గెంటేసినా కూతురినే కాపాడాలని అబద్ధమాడిన తండ్రి. ఇలాంటి పాత్ర నాకు ఇంతవరకూ రాలేదు. బాబు మియా చెప్పులు వేసుకుని బయటికి వెళ్లిపోయాడు. కెవిన్ ఫోన్ పట్టుకున్నాడు. ఒక్కసారే చేశాను, రెండోసారి అవసరం రాలేదు. సెలిన్, నిన్ను నేను క్షమించాను అమ్మా అన్నచోట గొంతు దానంతట అదే విరిగింది. డాక్టరమ్మ చూసి ఫోన్‌లో ఏడ్చిందట. ఫిర్యాదు మాట పోయింది, విరాళాలు రెట్టింపు అయ్యాయి.

నువ్వు బాధపడవని నాకు తెలుసు. నిజం నీకు తెలుసు, నాకు తెలుసు, ప్రభువుకు తెలుసు. ఊళ్లోవాళ్లతో మనకేం పని? పైగా నీకు మంచి ఉద్యోగం ఉంది. కెవిన్‌కు ఇదొక్కటే ఆధారం.

నాటకం మొన్న శుక్రవారం అయింది. హాలు నిండిపోయింది. ఒక చిన్న మార్పు జరిగింది. దిక్కులేని తాతగా అందరూ చూసిన మొహానికి కిరీటం పెడితే నమ్మరని ఓంకార్ గారు అన్నారు. నటుడిగా ఆలోచిస్తే ఆయన చెప్పింది నిజమే. అందుకని రాజుగా ఆయన నిలబడ్డారు, పద్యాలన్నీ తెర వెనక నుంచి నేను పాడాను. ఆయన పెదవులు కదిపారు. జనం వన్స్ మోర్ అని కేకలు పెట్టారు సెలిన్. ఆయన ముందుకొచ్చి నమస్కారం పెట్టారు, నేను వెనక నుంచి మళ్లీ ఎత్తుకున్నాను. కేకలు నా గొంతుకే కదా. నవీన గారిని అడిగితే, అట్టతో చేసిన పాత కిరీటం ఒకటి ఇచ్చారు, నవ్వారు కూడా. తెర వెనక అది పెట్టుకునే పాడాను. ఎవరూ చూడలేదు, కానీ పెట్టుకున్నాను. ఫోటో వద్దన్నారు.

రాజు వేషం కట్టిన
మీ నాన్న


రేపల్లె
29 డిసెంబరు 2024

వీరాస్వామి గారికి,

వీడియో క్రిస్మస్‌కు ముందు రోజు వచ్చింది. పిల్లలు నాటకానికి మొహాలకు రంగు వేసుకుంటున్నారు. పెద్దవాళ్లు ఒకరి ఫోన్‌లో ఒకరు చూసుకుని, వచ్చి ఎవరి పిల్లల్ని వాళ్లు తీసుకెళ్లిపోయారు.

మీ ఉత్తరాన్ని నేను అందరి ముందూ చదివాను కదా. అది నేనే రాసి మీ పేరు పెట్టానని ఇప్పుడు అంటున్నారు. పాస్టరు గారు నా మొహం చూడటం లేదు. ఆసుపత్రిలో జనవరి నుంచి రావద్దన్నారు. కారణం అడిగితే, నీకే తెలుసు కదమ్మా అన్నారు.

నేను కూడా చూశాను. చాలా బాగా చేశారు. నన్ను క్షమించానన్న చోట, ఒక్క క్షణం, నేను నిజంగానే మిమ్మల్ని గెంటేశాను అనిపించింది. ఊరంతా నమ్మిన మాటను నేనొక్కదాన్నే కాదంటూ తిరగలేను. ఇక అదే నిజం అనుకోండి.

ఇల్లు సుగ్రా బేగం గారి కుటుంబానికి అద్దెకు ఇచ్చాను. మీ బట్టలు, మందులు పొరుగింట్లో పెట్టాను. వేరే ఊళ్లో పని దొరికింది, వెళ్లిపోతున్నాను. ఏ ఊరో మీకూ కెవిన్‌కూ చెప్పను. ఇకపై మీకు రాయను. మీరు రాసినా చదవను.

సెలిన్


ఘాలా
4 జనవరి 2025

నా తల్లీ, నా కళకు వారసురాలా,

నీ ఉత్తరం చేరింది. దాన్ని ఎన్నిసార్లు చదువుకున్నానో చెప్పలేను. నా రక్తం కెవిన్‌లో లేదు, నీలోనే ఉంది. ఇన్నాళ్లూ నీలో ఈ విద్య ఎక్కడ దాచావు?

వీరాస్వామి గారికి అని మొదలుపెట్టావు చూడు, అక్కడే నా ఒళ్లు జలదరించింది. కోపాన్ని కేకలు వేసి చూపించడం ఎవరికైనా వస్తుంది. గారు అని పెట్టి చల్లగా చూపించడం పెద్ద నటులకు మాత్రమే వస్తుంది. పిల్లల్ని తీసుకెళ్లిపోయిన ముక్క అద్భుతం. ఒక చిన్న సలహా ఇస్తాను, ఏమీ అనుకోకు. ఏ ఊరో చెప్పను అన్న మాట చివర్లో రావాలి, నువ్వు కాస్త ముందే అనేశావు. అనుభవం మీద అదే వస్తుంది.

గదిలో నిలబడి పైకి చదివి వినిపించాను. కెవిన్ మధ్యలోనే లేచి బయటికి వెళ్లిపోయాడు. వాడికి మొదటి నుంచీ నాటకం మీద అభిరుచి తక్కువ. బాబు మియా చివరిదాకా విన్నాడు.

"తాతా, ఆ బిడ్డ నాటకం ఆడల్యా. నువ్వొక తూరి మళ్లీ చదువుకో," అన్నాడు.

మళ్లీ చదివాను. రెండోసారి ఇంకా బాగుంది. నమ్మించావంటే చూడు, పెద్ద వయసు డ్రైవరు తుండు మొహాన కప్పుకుని కూర్చున్నాడు.

ఇక్కడ నా పని అయిపోయింది. సీజను అయిందని, వీసా పొడిగించడం కుదరదని ఓంకార్ గారు కబురు పంపారు. కెవిన్ ఆఫీసులో కుర్చీ మీద కూర్చుంటున్నాడు కాబట్టి వాడి గురించి దిగులు లేదు. బుధవారం విమానం. గురువారం పొద్దున రేపల్లె రైలు దిగుతాను. నువ్వు స్టేషన్‌కు రా. నన్ను చూడగానే నవ్వేయకు. మొహం గంభీరంగా పెట్టి, ఆ వీరాస్వామి గారూ అన్న పిలుపు ఒక్కసారి నోటితో అని వినిపించు. అక్షరంలో విన్నాను, నీ గొంతులో వినాలని ఉంది. తర్వాత ఇద్దరం నవ్వుకుంటూ ఇంటికి పోదాం.

ఒకవేళ నీకు డ్యూటీ ఉంటే తొందరపడకు. ప్లాట్‌ఫారం మీద బెంచీ మీద కూర్చుని ఉంటాను. నువ్వు వచ్చేదాకా ఎక్కడికీ కదలను.

నీ నటనకు మొదటి చప్పట్లు కొట్టిన
మీ నాన్న వీరాస్వామి